సీసాలు మోగితే పిల్లలు మాయం

ఆ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన కుర్ర ఉద్యోగులు కొందరు నన్ను చూడటానికి వచ్చారు. మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి మేడం అన్నారు. కోర్టు, సాక్షులు, పెద్ద ఫ్యాక్టరీ యజమాని లాంటివి వస్తాయని ఆశపడ్డట్టున్నారు. నేను గూడూరు బజారులోని సోడాబండి గురించి మొదలుపెట్టాను. మర్యాదకు కాసేపు విన్నారు. టీ తాగారు. రైలు టైమైందని లేచారు. వాళ్ళు వినకుండా వెళ్ళిపోయిన ముక్క ఇక్కడ రాస్తున్నాను. చదివినా సరే, చదవకపోయినా సరే, టీ మాత్రం ఇవ్వను.

నా ఉద్యోగమంతా కార్మిక శాఖలోనే. చివరి పోస్టింగు గూడూరు. హోటళ్ళలో, దుకాణాల్లో, మెకానిక్ షెడ్లలో పనిచేసే చిన్నపిల్లల్ని బయటికి తీసుకొచ్చి బడిలో వేయడం, పెట్టుకున్నవాడి మీద కేసు రాయడం నా పనిలో పెద్ద భాగం. మిగతా ఊళ్ళలో నాకు ఆ పేరుంది. గూడూరు బజారులో మాత్రం ఒక్క పిల్లవాడూ దొరికేవాడు కాదు. నేను జీపు దిగి హోటల్లో అడుగుపెట్టేసరికి గ్లాసులు సగం కడిగి ఉండేవి. కడిగే చెయ్యి ఉండేది కాదు. యజమాని చొక్కా చేతులు మడుచుకుని ఆ మిగతా గ్లాసులు తనే కడుగుతూ, పనివాళ్ళు దొరకట్లేదు మేడం, ఏం చేస్తాం అని నిట్టూర్చేవాడు.

ఆ బజారు మొగలో, లోపలికి పోయే దారి దగ్గరే, ఒక సోడాబండి ఉండేది. నేను జీపు దిగగానే ఆ బండాయన వరసగా పేర్చిన సీసాల మీద ఇనప ఓపెనరుతో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక్క గీటు గీసేవాడు. బజారంతా గణగణమనేది. నాకు నమస్కారం బదులు అలా చేస్తున్నాడనుకునేదాన్ని. గవర్నమెంటు ఉద్యోగంలో మనకు మోత మోగించి స్వాగతం చెప్పేవాళ్ళు తక్కువ కదా, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగానే ఉండేది. తనిఖీ ముగించుకుని, ఎవరూ దొరకని అలసటతో అతని దగ్గరే నిమ్మకాయ సోడా తాగి జీపెక్కేదాన్ని. జీపు కదలగానే సీసా మీద రెండు పొట్టి దెబ్బలు వినపడేవి. అది వీడ్కోలు అనుకున్నాను.

మా డ్రైవరు మితభాషి. నాతో పాటే రిటైరు కావలసిన మనిషి. నాకు ఊళ్ళో దారులన్నీ అతనే నేర్పాడు, సీసాల సంగతి తప్ప.

ఇక అసలు విషయం. ఒక సంవత్సరం బడులకు వేసవి సెలవులిచ్చే ముందు ఒక హైస్కూల్లో మీటింగు పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. నాకు అలవాటైన ఉపన్యాసమే. పద్నాలుగేళ్ళు నిండనివాళ్ళు పనిలోకి పోకూడదు, నిండినవాళ్ళైనా ప్రమాదమున్న చోటికి పోకూడదు, తెల్లవారకముందూ చీకటిపడ్డాకా చేయకూడదు, వరసగా ఎక్కువసేపు చేయకూడదు. కూడదు, కూడదు అని గంట కొట్టినట్టు చెప్పి కూర్చోబోతుంటే తొమ్మిదో తరగతి వరసలో ఒక అమ్మాయి లేచింది. సన్నగా, పొడుగ్గా ఉంది. జడ బిగించి కట్టింది.

"చేయకూడని పనులన్నీ చెప్పినారు మేడం. చేయదగ్గ పని ఏదన్నా ఉంటే, ఈ ఎండాకాలం నాకు ఇప్పిస్తారా?"

పిల్లలు నవ్వారు. టీచర్లు ఆ అమ్మాయిని కూర్చోమని సైగ చేశారు. ఆమె కూర్చోలేదు. నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళుగా పిల్లల్ని పనుల్లోంచి లాగడమే తెలుసు. ఎందులోనైనా పెట్టడం నేను నేర్చుకోలేదు.

మీటింగయ్యాక ఆ అమ్మాయిని పిలిచి అడిగాను. నాన్న లేడు. అమ్మ సముద్రం వైపున్న రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలుస్తుంది. తెల్లవారుజామున బస్సు వచ్చి బజారు మొగలో ఆడవాళ్ళను ఎక్కించుకుపోతుంది. ఐసు నీళ్ళలో పని. నానీ నానీ వేళ్ళు పాసిపోతాయి. అక్కడి మేస్త్రి ఈ అమ్మాయిని కూడా తీసుకురమ్మంటున్నాడు, వయసు ఎక్కువ చెప్పుకుందాం అంటున్నాడు. ఒకసారి ఆ బస్సెక్కితే మళ్ళీ పదో తరగతి ముఖం చూడనని ఆ పిల్లకు బాగా తెలుసు. వాళ్ళ వీధిలో ఎక్కినవాళ్ళెవరూ దిగలేదట.

ఆదివారం చర్చి వదిలే వేళకు వెళ్ళి తల్లిని పట్టుకున్నాను. నేనేదో కేసు పెట్టడానికి వచ్చానని ముందు బెదిరింది. తర్వాత ధైర్యం తెచ్చుకుని, ఎదురు నాకే కేసు చెప్పింది.

"దీని చదువుకు నేనేం అడ్డం కాదు మేడం. నాకూ చదివించాలనే ఉండాది. ఒంటి చేత్తో ఎంతని ఈదేది? బడి తెరిచేదాకా అది ఏదో ఒక పనిలో నిలబడి, దాని బట్టలు పుస్తకాలు అది చూసుకుంటే టెన్తుకి పంపిస్తా. మధ్యలో పని పోయిందా, నాతో పాటు షెడ్డుకే."

పంతం పట్టిన మాట కాదది, అలసిపోయిన మనిషి మాట. సరే అన్నాను. సరే అన్నాక జీపెక్కి ఆలోచిస్తే, ఆ పని ఎక్కడి నుంచి తేవాలో ఒక్క కొట్టూ తట్టలేదు. ఒక్క అమ్మాయికే ఇప్పిస్తే బాగోదని, ఆ బడిలో పద్నాలుగు నిండి అడిగిన పిల్లలందరికీ చూద్దామని హెడ్మిస్ట్రెస్ గారూ నేనూ అనుకున్నాం. పై ఆఫీసుకు చెప్పాను. చేసుకోండి, తేడా వస్తే మాకు సంబంధం లేదు అన్నట్టు జవాబొచ్చింది. మా శాఖలో అనుమతి అంటే అదే.

మర్నాడు బజారులో దిగాను. సీసాలు గణగణమన్నాయి. స్టీలు సామాన్ల కొట్టాయన నన్ను చూడగానే లేచి, దేవుడి తోడు, మా దగ్గర పిల్లలు లేరన్నాడు. లేరు కాబట్టే వచ్చాను, పెట్టుకోండి అన్నాను. ఆయన మొహం చూడాలి. కుర్చీ వేశాడు. ఫ్యాను తిప్పాడు. మెల్లగా, కేసు ఇప్పటికే రాసేశారా మేడం అని అడిగాడు. జిరాక్సు షాపతను ఇదంతా వీడియో తీస్తున్నారేమోనని చుట్టూ చూశాడు. బైండింగు కొట్టాయన ఆలోచించి చెప్తానని లోపలికి వెళ్ళి వెనక తలుపు గుండా ఇంటికి పోయాడు. ఎలుకల మందు పెట్టినవాడే వచ్చి భోజనానికి పిలిచినట్టుంది వాళ్ళకు.

చివరికి యూనిఫారాలు కుట్టే టైలర్ మాస్టరు దగ్గర కూలబడ్డాను. ముస్లిం పెద్దాయన. తాతల నాటి నుంచీ ఆ కుటుంబానిది ఇదే పని. మే నెలంతా ఆయన కొట్టులో బడి చొక్కాలు గుట్టలుగా పడి ఉంటాయి. చొక్కా గుండీలకు కాజాలు కుట్టే మనిషి కాన్పుకు పుట్టింటికి పోయిందని ఆయన తల పట్టుకుని ఉన్నాడు. ఆ అమ్మాయికి సూది పట్టడం వచ్చు. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, రేపు మీరే వచ్చి మీరు పెట్టిన పిల్లకే నా మీద కేసు రాయరు గదా అన్నాడు. రాయనన్నాను. పొద్దున ఎనిమిదిలోపు రానివ్వకూడదు, మధ్యలో గంట విశ్రాంతి ఇవ్వాలి, ఆరు గంటలకు మించకూడదు, వారానికో సెలవు అని చెప్పాను. ఆయన అంతా విని, నాక్కూడా ఇట్టాంటి ఉద్యోగం చూడండి మేడం అన్నాడు.

ఆయన ఒప్పుకున్నాక ఒక్కొక్కరే వచ్చారు. స్టీలు కొట్టు, జిరాక్సు షాపు, మొక్కల నర్సరీ, ఇంటికి పారిపోయిన బైండింగాయన కూడా. నేను జీపెక్కి, మన సోడాబండాయన ఎంత మర్యాదస్తుడో చూశావా, ఈ బజారులో నాకు మొదటి నమస్కారం ఆయనదే అన్నాను డ్రైవరుతో. రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు గొంతు సవరించుకున్నాడు. ఆ పొడుగు మోత ఆఫీసరు వచ్చింది అని, ఆ రెండు దెబ్బలు ఆఫీసరు పోయింది అని చెప్పాడు. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదయ్యా అంటే, మీరు అడగలేదు గదా మేడం అన్నాడు. అందరి జేబుల్లో సెల్లున్న కాలంలో సోడా సీసాలెందుకని మీకు అనిపించవచ్చు. ఫోను తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, మెసేజీ చదివేలోపు నేను కొట్టులోకి వచ్చేస్తాను. సీసా మోత ముందు చేరుతుంది.

ఎండలు ముదిరాయి. పిల్లలు పనుల్లో కుదిరారు. బైండింగు కొట్టులో చేరిన పిల్లవాడు జిగురు రాసే ముందు ప్రతి పుస్తకం చదివేవాడు. స్టీలు కొట్టులో చేరిన అమ్మాయి, ఈ డబ్బాకు ఈ మూత సరిగ్గా పట్టదండీ అని కొనేవాళ్ళకు చెప్పేసేది. నిజాలు చెప్పే పిల్లను తెచ్చిపెట్టినారు మేడం, నా యాపారం ముంచుతుండాది అని ఆయన నాకు మొర పెట్టుకున్నాడు. రెండు వారాలు పోయాక మళ్ళీ వెళితే, ఆ పిల్ల ఉందని జనం నమ్మి వస్తున్నారని గొణిగాడు. ఒప్పుకోలేక ఒప్పుకున్న గొణుగుడు అది.

కాజాల అమ్మాయిని మాస్టరు ఏమీ పొగిడేవాడు కాదు. కుట్టు వంకర పోతే విప్పించి మళ్ళీ కుట్టించేవాడు. ఆమె మూతి ముడిచి విప్పేది, మళ్ళీ కుట్టేది. విశ్రాంతి గంట వస్తే మాత్రం ఆయన ఇంకో మనిషి. నేను చెప్పిన చట్టాన్ని గుర్తుచేస్తూ, కానూను, కానూను అంటూ సూది లాక్కుని బయటికి తరిమేవాడు. అన్ని కొట్ల నుంచీ అలా తరిమేసిన పిల్లలు సోడాబండి పక్కన కట్టిన పట్టా నీడలో చేరేవాళ్ళు. సోడా ఆయనకు పిల్లల్లేరు. వాళ్ళకు సీసాల భాష నేర్పించాడు. వాళ్ళు నన్ను చూసినప్పుడల్లా నవ్వు ఆపుకోవడం నేను గమనించేదాన్ని.

ఇంతలో కొట్లలో ఈ పిల్లలు పనిచేస్తుండగా ఎవరో ఫోటో తీసి ఫోన్లలో తిప్పారు. కార్మిక శాఖ వాళ్ళే పిల్లల చేత పని చేయిస్తున్నారని దాని కింద రాత. అది నెల్లూరులో మా పై అధికారిదాకా పోయింది. ఆయన నాకు ఫోన్ చేసి ముక్తసరిగా మాట్లాడారు. తాను స్వయంగా చూస్తానన్నారు. ఏ కాస్త తప్పు కనపడినా ఆ రోజే మూసేస్తానన్నారు. ఎప్పుడు వస్తారో చెప్పలేదు. బడి తెరవడానికి ఇంకా గడువుంది. మూసేస్తే మిగతా పిల్లలకు సెలవులు మిగులుతాయి. కాజాల అమ్మాయికి రొయ్యల బస్సు మిగులుతుంది. నేను కొట్టుకొట్టుకూ తిరిగి, పెద్ద సారు వస్తారు, పిల్లల్ని చూపించండి, ఉన్నదున్నట్టు చెప్పండి అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. అందరూ తలూపారు.

ఆయన వచ్చిన రోజు ఎండ నిప్పులు కురిపిస్తోంది. నన్ను ఆఫీసు నుంచి తన కారులోనే ఎక్కించుకున్నారు, ఫోన్ ముట్టుకునే వీలు లేకుండా. తెల్ల కారు బజారు మొగలో ఆగింది. ముందు ఆయన దిగారు, వెనక నేను.

సోడా ఆయన మమ్మల్ని చూశాడు. ఏళ్ళ తరబడి పడ్డ అలవాటు, మనసుకన్నా చెయ్యి ముందు కదిలింది. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక్క గీటు గీశాడు. మోగాక గానీ తను చేసిందేమిటో అతనికి తెలియలేదు. ఓపెనరు పట్టుకుని అలాగే కొయ్యబారి నిలబడ్డాడు.

అంతే. బజారులో పిల్ల అనేది లేదు.

స్టీలు కొట్టాయన మమ్మల్ని చూడగానే లేచి, దేవుడి తోడు, మా దగ్గర పిల్లలు లేరు సార్ అన్నాడు. నేను కళ్ళెర్రజేసి చూస్తున్నా ఆయనకు అర్థం కాలేదు. కావాలంటే గోడౌను కూడా చూసుకోండి అని గట్టిగా చెప్పాడు. బైండింగు కొట్టులో సగం జిగురు రాసిన పుస్తకం తెరిచి ఉంది, చదివేవాడు లేడు. జిరాక్సు షాపులో మిషను తనంతట తాను కాగితాలు కక్కుతోంది. పెద్ద సారు ప్రతిచోటా ఆగి, నా వైపు చూసి, మీ పిల్లలెక్కడమ్మా అని అడుగుతున్నారు. తప్పు లేని చోట దాచరు కదా అని రెండో కొట్టు దగ్గర అన్నారు. నాకు భూమి చీలిపోతే బాగుండనిపించింది. ఉద్యోగం పోతుందని కాదు. ఆ తల్లితో సరే అన్న మాట చెవుల్లో గింగురుమంటోంది.

టైలరు కొట్టే చివరిది. మాస్టరు బల్ల దగ్గర చొక్కా కత్తిరిస్తున్నాడు. ఆయనైనా నిజం చెబుతాడని ఆశపడ్డాను. ఆయన కళ్ళద్దాల మీదుగా చూసి, ఎవరూ లేరు సార్, నేనొక్కణ్ణే అన్నాడు. పక్కనే స్టూలు మీద చిన్న సైజు చెప్పుల జత ఉంది. సారు చెప్పుల వంక చూశారు. మాస్టరూ చూశాడు.

అప్పుడు బట్టలు మార్చుకునే గది పరదా కదిలింది. ఆ అమ్మాయి చేతిలో సగం కాజా కుట్టిన తెల్ల చొక్కాతో, సూది వేలాడుతుండగా బయటికి వచ్చింది.

"నేనుండా సార్. పదిహేనేళ్ళు నిండినాయి. పొద్దున ఎనిమిదికి వస్తా, మధ్యలో గంట కూర్చుంటా. ఈ మేడమే నన్నీడ పెట్టినారు."

మరి లోపల ఎందుకున్నావమ్మా అని సారు అడిగారు.

"మోత వింటానే మాస్టరు తోసేసినాడు సార్. దాక్కుంటే దొంగపని అవతాది గదా. నాది దొంగపని కాదు. అందుకే వచ్చేసినా."

మాస్టరు తల దించుకుని కత్తెర బల్ల మీద పెట్టాడు. సారు, మిగతావాళ్ళెక్కడ అన్నారు. ఆ అమ్మాయి చొక్కా స్టూలు మీద పెట్టి, చెప్పులేసుకుని, బయటికి నడిచింది. మేం ఆమె వెనకే. నేరుగా సోడాబండి దగ్గరకు పోయి, రెండు కొట్టు పెదనాయనా అంది. ఆయన నిలువునా తడబడ్డాడు.

"ఆఫీసరు పోకుండా ఎట్టా కొట్టేది? ఆయన ఈడే ఉండాడు గదమ్మా."

అంత భయంలోనూ వృత్తి ధర్మం తప్పలేదు మనిషి. అబద్ధపు మోత మోగిస్తే రేపు తన సీసాలను ఎవరు నమ్ముతారని ఆయన బాధ. ఆ అమ్మాయి ఓపెనరు ఆయన చేతిలోంచి తీసుకుంది. సీసా మీద రెండు పొట్టి దెబ్బలు కొట్టింది.

స్టీలు కొట్టు అటక మీంచి బిందెలు దొర్లాయి. నిజాలు చెప్పే అమ్మాయి నిచ్చెన దిగింది. బైండింగు పిల్లవాడు అట్టల కట్ట వెనక నుంచి, వేలు పేజీలో పెట్టుకునే లేచాడు. జిరాక్సు షాపులో కౌంటరు కింద నుంచి ఒకడు, నర్సరీలో క్రోటన్ల మధ్యలోంచి మట్టిచేతులతో ఇద్దరు. అందరూ వీధిలోకి వచ్చి, ఇంకా పోకుండా నిలబడి ఉన్న తెల్ల కారును చూసి నోళ్ళు తెరిచారు. కొందరు మళ్ళీ లోపలికి పోబోయారు.

పెద్ద సారు నవ్వారు. మొదట మీసాల్లో, తర్వాత బండి పట్టుకుని. నేను ఆయన దగ్గర ఎన్నో ఏళ్ళు పనిచేశాను, పళ్ళు ఎలా ఉంటాయో అప్పుడే చూశాను. పిల్లల్ని పట్టా నీడలో కూర్చోబెట్టి ఒక్కొక్కరితో మాట్లాడారు. ఎన్నింటికి వస్తారు, ఎప్పుడు కూర్చుంటారు, ఎవరైనా తిడతారా అని అడిగారు. కుట్టు వంకర పోతే మాస్టరు తిడతాడని కాజాల అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. సారు అందరికీ సోడాలిప్పించారు. కారెక్కేటప్పుడు, బడి తెరిచేదాకా నడపండి, ఆ మోత ఒక్కటి ఆపించండి అన్నారు. కారు వెనకే జీపులో వచ్చిన మా డ్రైవరు వైపు చూశాను. అతను ఎటో చూశాడు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. అయితే అసలు తీర్పు చెప్పవలసింది పెద్ద సారు కాదు, ఆ తల్లి. జూన్ దగ్గరపడుతున్నకొద్దీ ఆమె ఏమీ మాట్లాడటం లేదని అమ్మాయి చెప్పింది. షెడ్డులో పని ఎక్కువైందని, మేస్త్రి మళ్ళీ అడుగుతున్నాడని విన్నాను. వెళ్ళి అడుగుదామనుకున్నాను. అడిగితే మాట మార్చే అవకాశం నేనే ఇచ్చినట్టవుతుందని మానుకున్నాను. రాత్రుళ్ళు నిద్ర సరిగా పట్టేది కాదు.

బడులు తెరిచే రోజు, తనిఖీ వంకతో తెల్లవారకముందే బజారుకు వెళ్ళాను. ఆ వేళప్పుడు తనిఖీ ఏమిటని డ్రైవరు అడగలేదు. సోడా ఆయన అప్పుడే బండి దగ్గర నీళ్ళు చల్లుతున్నాడు. నన్ను చూడగానే అతని చెయ్యి సీసాల మీదికి పోబోయి ఆగింది. కాసేపటికి రొయ్యల బస్సు వచ్చింది. ఆడవాళ్ళు క్యారియర్లు పట్టుకుని నిలబడ్డారు. ఆ గుంపులోకి తల్లి నడిచి వచ్చింది. పక్కన ఆ అమ్మాయి, చేతిలో క్యారియరు. చీకట్లో ఆమె ఏం కట్టుకుందో నాకు కనపడలేదు.

తల్లి బస్సెక్కింది. వెనక అమ్మాయి మెట్టు మీద కాలు పెట్టింది. కాలు పెట్టి, క్యారియరు లోపలికి అందించి, మళ్ళీ కిందికి దిగింది. బస్సు హెడ్‌లైట్లు వెలిగాయి. ఆ వెలుగులో చూశాను. తెల్ల చొక్కా, కొత్త యూనిఫారం. కాజాలు ఎవరు కుట్టారో అడగక్కర్లేదు. తల్లి కిటికీలోంచి చెయ్యి చాపి కూతురి కాలరు సరిచేసింది. బస్సు కదిలింది. మలుపు తిరిగి కనుమరుగైంది.

సీసా మీద రెండు పొట్టి దెబ్బలు వినపడ్డాయి.

వెనక్కి తిరిగి, ఆ మోత ఆపమన్నారు కదయ్యా, నేనిక్కడే ఉండగా ఎవరికి కొట్టావు అన్నాను. కళ్ళు తుడుచుకుంటూ అన్నానేమో, కోపంగా వినపడలేదు.

"మీకు కాదు మేడం," అన్నాడు సోడా ఆయన. "బస్సు పోయింది గదా."